‘కుదురుగా కూర్చున్నారా?’ – బీబీసీ కథల వేళకు తెలుగు మాట

1950ల బ్రిటన్‌లో రేడియో దగ్గర ఒక రోజు ఎలా గడిచేదో చెప్పే వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మధ్యాహ్నం 1:45 దాకా సాఫీగానే సాగింది. అక్కడ చిక్కుకున్నాను. ఆ వేళకు బీబీసీ వారి రేడియో ఛానెల్ లైట్ ప్రోగ్రాంలో ‘లిజన్ విత్ మదర్’ వచ్చేది. ఇంకా బడిలో వేయని పసివాళ్ల కోసం పావుగంట సేపు కథలు, పాటలు. 1950 జనవరి 16న మొదలైంది. కథకు ముందు జూలియా లాంగ్ ఒక మాట అడిగేవారు: “ఆర్ యూ సిట్టింగ్ కంఫర్టబ్లీ? దెన్ ఐల్ బిగిన్.” ముందుగా రాసుకున్నది కాదట, అప్పటికప్పుడు నోటికి వచ్చిందట. తర్వాత అది దేశమంతటికీ నానుడైపోయింది.

‘సౌకర్యంగా కూర్చున్నారా’ అంటే రైల్లో టికెట్లు తనిఖీ చేసేవారు పలకరించినట్టుంది. ‘సుఖాసీనులయ్యారా’ అంటే పురాణ కాలక్షేపం. ‘హాయిగా’ అంటే కథ మొదలు కాకుండానే నిద్ర పట్టేలా ఉంది. పైగా ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. నేను ‘కూర్చున్నావా’ అనాలా, ‘కూర్చున్నారా’ అనాలా? పెద్దలు సలహా ఇవ్వండి.

—

‘కుదురుగా’ ఉండగా వేరే మాట ఎందుకండీ? కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్ట కుదురు. నాటిన వరి వేళ్లూనుకుంటే కుదురుకుంది అంటాం. ఆ ‘కంఫర్టబ్లీ’లో మెత్తటి కుర్చీ గొడవ లేదు, కదలకుండా ఒకచోట ఒదిగి కూర్చోవడం ఉంది.

—

ఒప్పుకోను. ‘కుదురుగా కూర్చో’ అన్న మాట మన ఇళ్లలో గదమాయింపుగా తప్ప వినపడదు. వెనకాల ‘లేకపోతే వీపు పగులుతుంది’ అన్న ముక్క దానంతటదే వినిపిస్తుంది. జూలియా లాంగ్ గదమాయించలేదు కదా.

—

అది విధిరూపంలో ఉన్నప్పటి మాట. ప్రశ్నగా అడిగితే ఆ కరుకుదనం ఉండదు. ‘అన్నం తిను’కీ ‘అన్నం తిన్నావా’కీ ఉన్నంత తేడా.

—

మాట సంగతి సరే, ఆ రోజు కార్యక్రమాల వరస చూస్తే ఈ ప్రశ్న ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది. ఉదయం తొమ్మిది దాటాక ‘హౌస్‌వైవ్స్ ఛాయిస్’ – పోస్టుకార్డుల మీద కోరిన పాటలు. వినే ఇల్లాలు అంట్ల దగ్గరో, ఇస్త్రీ దగ్గరో ఉండేది. పదిన్నరకు ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’. 1940లో, యుద్ధం నడుస్తుండగా, ఫ్యాక్టరీ కార్మికుల చేతులు మందగించకూడదని పెట్టినది. మాటలు తక్కువ, వాద్యసంగీతం ఒకే ఊపులో అరగంట. జనం చప్పట్లు కొట్టి తీరే ఒక అమెరికన్ పాటను అందులో వాయించవద్దన్నారు. కార్మికులు చేతిలో పనిముట్లు వదిలేసి దరువు వేస్తారేమోనని భయం! అంటే ఆ రేడియో పొద్దున్నుంచీ నిలబడి పనిచేసే వాళ్లతోనే మాట్లాడుతోంది. కూర్చోమన్నది ఈ ఒక్క పావుగంటే. అందుకని ‘కూర్చున్నారా’ మీదే బరువు పడాలి, ‘కంఫర్టబ్లీ’ మీద కాదు.

—

‘ఈ ఒక్క పావుగంటే’ అంటే తప్పవుతుంది. 1946 సెప్టెంబరు 29న మొదలైన బీబీసీ మరో ఛానెల్, థర్డ్ ప్రోగ్రాం సంగతి? సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా నాటకాలు, సంగీతం, ఉపన్యాసాలు. పని చేసుకుంటూ చెవిన వేసుకునేవి కావు, కూర్చుని శ్రద్ధగా వినాల్సినవి.

—

నిజమే, పగటి పూటకు పరిమితం చేస్తాను. థర్డ్ ప్రోగ్రాం మాత్రం ‘కూర్చున్నారా’ అని అడగలేదు. కూర్చునే ఉంటారని నమ్మింది. ఎంతమంది కూర్చున్నారన్నది వేరే లెక్క.

—

ఏకవచనమా బహువచనమా అన్నది ఎవరూ ముట్టుకోలేదు. నా ఓటు ‘కూర్చున్నావా’కే. శ్రోత బడిలో బెంచీ మీద గుంపుగా లేడు, తన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అంత జనం ముందు నిలబడి కూడా బుర్రకథవాళ్లు ‘వినరా’ అనే పాడతారు. తెలుగుకు అది కొత్త కాదు.

—

ఒక్కడే ఎలా అవుతాడండీ? కార్యక్రమం పేరులోనే అమ్మ ఉంది. వింటున్నది ఇద్దరు. ఒళ్లో బిడ్డ, బిడ్డతో అమ్మ. ‘కూర్చున్నారా’ అంటే ఇద్దరికీ సరిపోతుంది. రెండింటికి ఆ తర్వాత వచ్చేది ‘ఉమన్స్ అవర్’ – బిడ్డను పడుకోబెట్టి అమ్మ వినేది. ఆవిణ్ణి అంతకు ముందే రేడియో దగ్గరికి చేర్చారన్నమాట. అదే సాయంత్రం అయిదింటికి బీబీసీ ఇంకో ఛానెల్ హోం సర్వీసులో ‘చిల్డ్రన్స్ అవర్’ చూడండి. అక్కడ డెరెక్ మెకలక్ పిల్లలకు ‘అంకుల్ మాక్’. ముగింపులో ఆయన చెప్పే శుభరాత్రి ఎక్కడెక్కడి పిల్లలందరికీ కలిపి. అది నికరమైన బహువచనం. మన మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయినట్టే అక్కడా చుట్టరికం కలిపారు. ‘లిజన్ విత్ మదర్’కు ఆ చుట్టరికంతో పని లేదు, అమ్మ పక్కనే ఉంది.

—

ఈ వాదన నచ్చింది. కానీ అందరూ ఒకటి వదిలేశారు. ప్రశ్నకూ ‘దెన్’కూ మధ్య కాస్త విరామం ఉంటుంది. పిల్లవాడు ‘ఊఁ’ అనేది అక్కడే. మన దగ్గర ఊ కొట్టనిదే కథ ముందుకు నడవదు. ‘ఊ కొడతారా? అయితే చెబుతాను’ అంటే ఎలా ఉంటుంది?

—

బాగుంది గానీ ఇంగ్లండును వదిలి మన అరుగు మీదికి వచ్చేసింది. ఊ కొట్టడం కథ నడుస్తుండగా చేసే పని. ఈవిడ అడిగింది కథకు ముందు సంగతి. విరామాన్ని మాత్రం తప్పకుండా నిలపాలి. ఒకే వాక్యంగా కలిపేస్తే పిల్లవాడి జవాబుకు చోటుండదు.

—

అందరికీ ధన్యవాదాలు. ‘కుదురుగా కూర్చున్నారా?’ అని రాసి, పంక్తి మార్చి, ‘సరే, ఇక చెబుతాను’ అని పెడుతున్నాను. ‘అయితే’ కంటే ‘సరే’ ఎందుకంటే, అవతల నుంచి ‘ఊఁ’ వినపడినట్టు ఉంటుంది. గదమాయింపు అన్నవారి అభ్యంతరం పూర్తిగా తీరలేదని తెలుసు. అంతకంటే మెత్తని మాట దొరికితే అచ్చుకు వెళ్లేలోపు చెప్పండి, మారుస్తాను.

—

‘ఒద్దికగా’?

—

ఒద్దిక పెళ్లిచూపుల్లో. అయిదేళ్లవాడికి కుదురు చాలు.