ఈటెవాడి చేతిలో గుర్రం పోయింది, దీన్ని స్ట్రాటజీ అంటారా?

కోటగుమ్మం:
నిన్న రాత్రి వెస్నోత్ అనే టర్న్‌లవారీ యుద్ధం గేమ్‌లో కంప్యూటర్ మీద మూడు గంటలు ఆడిన ఆట ఒక్క టర్న్‌లో పోయింది. నా గుర్రపువాడు ఫుల్ హెల్త్‌తో ఉన్నాడు, ఎదురుగా మైదానంలో మామూలు ఈటెవాడు, అదీ మొదటి లెవెల్. దూకించాను. నావి రెండు దెబ్బలూ గాలికి పోయాయి, వాడివి మూడుకి మూడూ తగిలాయి. ఆ ఖాళీలోంచి మిగతావాళ్ళు దూరి నా లీడర్‌ని చుట్టేశారు. ఇంత ప్లాన్ వేసుకుని చివరికి పాచికల దయ మీద బతకాలంటే ఇక బుర్ర ఎందుకు? మీకూ ఇలాంటివి జరిగాయా? లక్‌ని ఎలా లెక్కేసుకుంటారు? లక్ లేని మంచి గేమ్‌లు ఉంటే పేర్లు చెప్పండి.

పొగబాంబు:
ఏలియన్లతో యుద్ధం చేసే ఎక్స్‌కామ్ గేమ్ ఆడేవాళ్ళ ముందా ఈ ఏడుపు! తుపాకీ గొట్టం ఏలియన్ ముక్కుకి ఆనించినా మిస్సయిన బతుకులు మావి బ్రో. తగిలే అవకాశం 95 శాతం ఉన్న షాట్లు ఇరవై కాలిస్తే ఒక్కటైనా మిస్సయ్యే అవకాశం 64 శాతం. తగిలిన పంతొమ్మిదీ ఎవడికీ గుర్తుండవు, ఆ ఒక్కటే గుర్తుంటుంది.

సున్నాశాతం:
64 ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు 95 వరుసగా రెండుసార్లు మిస్సయింది. అంటే 400లో ఒకటి. స్క్రీన్ మీద చూపించే అంకెలే అబద్ధం, ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా.

పొగబాంబు:
0.95ని ఇరవైసార్లు గుణించి 1లోంచి తీసెయ్. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటుంది.

పాతకాపు:
వెస్నోత్ పదకొండేళ్ళుగా ఆడుతున్నాను కాబట్టి కాస్త చనువుగా చెబుతా. ఇది లక్ కాదు బాబూ, తెలియక చేసింది. గుర్రం ఛార్జ్ చేస్తే, అంటే మీదికి దూకి కొడితే, నువ్వు కొట్టే దెబ్బ రెట్టింపు అవుతుంది, నువ్వు తినే దెబ్బ కూడా రెట్టింపవుతుంది. ఈటెవాడు నువ్వు దూకినా సరే ముందు తనే పొడుస్తాడు. పైగా గుర్రాలకి ఈటె అంటేనే పడదు. మైదానంలో నీ గుర్రానికి ఒక్కో పోటు తగిలే అవకాశం 60 శాతం, మూడూ తగలడం 21.6 శాతం. పగలైతే వాడికీ బలం పెరుగుతుంది, ఇంకా ఘోరం. ఐదుసార్లకి ఒకసారి జరిగేదాన్ని దురదృష్టం అంటే దురదృష్టానికే కోపం వస్తుంది.

కోటగుమ్మం:
ఛార్జ్ అంటే ఏంటో నాకూ తెలుసు. నావి రెండూ తప్పడం 16 శాతం, దానికి తోడు వాడివి మూడూ తగలడం, రెండూ కలిపితే 3.5 శాతం కూడా లేదు. ఇది ఐదుకొకటా?

పాతకాపు:
అయిపోయాక వెనక్కి తిరిగి లెక్కేస్తే ప్రతి ఫైటూ అద్భుతంలాగే కనిపిస్తుంది. దూకే ముందు అడగాల్సింది "గుర్రం చచ్చే ఛాన్స్ ఎంత" అని, "అచ్చం ఇలాగే చచ్చే ఛాన్స్ ఎంత" అని కాదు. నీ దెబ్బలకి వాడే ముందు పోయే సందర్భాలు తీసేసినా మిగిలేది 3.5 కంటే చాలా ఎక్కువే. ఒక మంత్రగాణ్ణి ముందు పంపి ఉంటే సరిపోయేది.

కోటగుమ్మం:
మంత్రగాడు ఉంటే పంపేవాణ్ణే కదా సార్. పదకొండేళ్ళు ఆడారు, సంతోషం, దండ వేయాలా?

ఎర్రపాచిక:
మీ కంప్యూటర్ గోల పక్కన పెట్టండి. రిస్క్ అనే బోర్డు గేమ్‌లో ఒక్క సైన్యంతో దేశం కాపాడుకున్నాను నేను. అవతలివాడు మూడు పాచికలు, నేను ఒక్కటి, వరుసగా ఐదుసార్లు నిలబడ్డాను!! సమానంగా పడితే డిఫెండర్‌దే గెలుపు కాబట్టి ఒక్కోసారికి నాకున్నది 34 శాతం, ఐదూ కలిస్తే 220కి ఒకటి. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

సున్నాశాతం:
నా పాయింట్‌కి ఎవరూ సమాధానం చెప్పలేదు. గేమ్‌లు అంకెల్లో మోసం చేస్తాయా లేదా?

ఆరోసైన్యం:
చేస్తాయి, నీ వైపు చేస్తాయి. ఫైర్ ఎంబ్లమ్ అనే గేమ్ సిరీస్‌లో 2002 నాటి గేమ్ నుంచి చాలావాటిలో లాటరీలా ఒకటి బదులు రెండు అంకెలు తీసి వాటి సగటు చూస్తారు. స్క్రీన్ మీద 90 అని కనిపిస్తే నిజంగా తగిలేది సుమారు 98. 10 అని ఉంటే నిజంగా ఉండేది సుమారు 2. ఎక్స్‌కామ్‌లో కూడా తేలిక లెవెల్స్‌లో నీకు తెలియకుండానే సాయం చేస్తారు. అన్నీ నీ పక్షానే ఉన్నా నీకు అన్యాయమే కనిపిస్తోంది.

సున్నాశాతం:
అంటే అబద్ధమేగా! నేను చెప్పిందే మీరూ చెప్పారు.

ఆరోసైన్యం:
ఓరి నాయనో.

మీటనొక్కు:
ఇంత గొడవ ఎందుకు, పాత సేవ్ తెరిచి రీలోడ్ కొట్టండి.

పాతకాపు:
రీలోడ్ కొట్టి గెలిచిందీ ఒక గెలుపేనా?

మీటనొక్కు:
నా గేమ్, నా సేవ్, నా ఇష్టం. కాకపోతే 2012 నాటి ఎక్స్‌కామ్‌లో అదీ ఉత్తినే పనిచేయదు. షాట్ తగులుతుందో లేదో తేల్చే రాబోయే అంకెలు సేవ్‌తో పాటే ఉంటాయి, అదే సైనికుడితో అదే షాట్ మళ్ళీ కాలిస్తే మళ్ళీ అదే మిస్. ముందు ఇంకొకడితో ఏదైనా కాల్పించి చూడాలి, అప్పుడు వరస మారుతుంది. ఇది కనిపెట్టడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

పాతకాపు:
ఆ ఆదివారం కవర్ వెనక నిలబడటం నేర్చుకుని ఉంటే...

మీటనొక్కు:
మీరు నేర్పించిన వాళ్ళందరూ ఇప్పుడు చదరంగం ఆడుకుంటున్నారట, నిజమేనా?

తాళపత్రం:
పాత సివిలైజేషన్ గేమ్ ఎవరూ ఎత్తలేదేంటి? 1991 దాంట్లో ఫైట్ మొత్తం ఒక్క దెబ్బలో తేలిపోయేది, అందుకే ఈటెలవాళ్ళు యుద్ధనౌకల్ని ముంచిన కథలు. 1996లో రెండోదానికి హిట్ పాయింట్లు తెచ్చారు. ఒకే ఫైట్‌లో చాలా రౌండ్లు పడేసరికి బలమైనవాడు గెలవడం మామూలైంది. 2010లో ఆ గేమ్ తయారుచేసిన సిడ్ మయర్ ఒక ప్రసంగంలో ఇదే చెప్పాడు: ఆడేవాళ్ళు తమకి 3కి 1 అనుకూలంగా ఉంటే ఓటమి ఒప్పుకోరు, అదే తాము 1 వైపు ఉండి గెలిస్తే కిక్కురుమనరు. ఇంకా విచిత్రం, 2కి 1తో ఓడితే సరేలే అనుకుంటారు, 20కి 10తో ఓడితే మాత్రం గొడవ చేస్తారట. గుర్రం బదులు గుమ్మంగారి ఈటెవాడే గెలిచి ఉంటే ఈ చర్చ మొదలయ్యేదా?

ఎర్రపాచిక:
నా 220కి ఒకటి సంగతి ఎవరూ చదివినట్టు లేరు.

ఆరోసైన్యం:
చదివాం. వాడు నీతో ఎందుకు మాట్లాడటం లేదో కూడా అర్థమైంది.

నిశ్శబ్దం:
లక్ లేని గేమ్ అడిగారుగా. ఇన్‌టు ద బ్రీచ్ చూడండి, 2018ది. శత్రువు వచ్చే టర్న్‌లో ఎక్కడ కొడతాడో ముందే చూపిస్తుంది, మీ దెబ్బ తప్పడమనేదే ఉండదు. మ్యాప్, శత్రువులు మాత్రం ప్రతిసారీ మారతాయి. లక్ ఉంది, కానీ చాలావరకు మీరు ఎత్తు వేయకముందే అయిపోతుంది, తర్వాతది దాదాపు అంతా మీ చేతుల్లోనే.

పొగబాంబు:
అది పజిల్. యుద్ధం కాదు. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ ఎక్కడిది?

తాళపత్రం:
1824లో ప్రష్యా సైన్యం ఆఫీసర్ల శిక్షణకి వాడిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధం ఆటలోనే పాచికలున్నాయి. యుద్ధంలో అనుకున్నదే జరగదని చూపించడానికే ఆ పాచికలు.

సున్నాశాతం:
ఆ పాచికలైనా సరైనవేనా?

కోటగుమ్మం:
సరే, ఒప్పుకుంటున్నా, రాత్రి సేవ్ తెరిచి మళ్ళీ ఆడాను. గుర్రాన్ని వెనక్కి లాగి విలుకాళ్ళతో దూరం నుంచి కొట్టించాను, ఈటెవాడు తిరిగి ఒక్కో ఈటె విసరడం తప్ప ఏమీ చేయలేకపోయాడు, రెండు టర్న్‌లలో పోయాడు. పాతకాపు గారూ, ఇది మీ మాట విని చేసింది కాదు.

పాతకాపు:
గుర్రానికి ఎంత ఎక్స్‌పీరియన్స్ వచ్చింది?

కోటగుమ్మం:
అది ఆ తర్వాతి టర్న్‌లోనే ఇంకో ఈటెవాడి చేతిలో పోయింది. ఏమీ అనకండి.