సమస్యాపూరణం: "నీళ్లు పోయ బండి నిదుర లేచె"

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. సందర్భం వయసు మీదపడిన కారు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు తాగే బండి నీళ్లు పోస్తే లేవడమేమిటన్నదే ఇందులో ముడి. "కలలో చూశాను", "దేవుడి మహిమ" అని తప్పించుకునే పూరణలు వద్దు. నీళ్లు ఎక్కడ పడ్డాయో, ఎందుకు పనిచేశాయో పద్యంలోనే తెలియాలి.

వెన్నెల:

చిన్నదైన గాని సెన్సరు వేడెక్కి
చెప్పవలయు మాట చెప్పదాయె;
నిప్పురవ్వ లేక నిలిచిపోయిన వేళ
నీళ్లు పోయ బండి నిదుర లేచె

గణకుడు: గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదంలో చి–సె యతి చక్కగా కుదిరింది. రెండో పాదం నాకు బాగా నచ్చింది. అయితే నీళ్లు ఎక్కడ పోశారమ్మా? సెన్సరు మొదటి పాదంలో ఉంది, నీళ్లు నాలుగో పాదంలో ఉన్నాయి. మధ్యలో రెండింటినీ కలిపే మాట లేదు.

పానా: వెన్నెల గారు చెప్పింది ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ గురించే అనుకుంటా. పాత బండ్లలో చాలావాటికి అది అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి తీగ చుట్ట, అంతే. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంటే సిగ్నల్ పుడుతుంది. ఏళ్ల తరబడి వేడికి మాడి తీగ ఎక్కడో చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిట్లినచోట అంటుకుని ఉంటుంది, వేడెక్కగానే విడిపోతుంది. ఇంజన్ తిరుగుతోందన్న కబురు అందకపోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, స్పార్కు ఒక్కటే కాదు, పెట్రోలు చిమ్మడం కూడా ఆపేస్తుంది. రెండూ ఒకేసారి పోవడమే ఇక్కడ అసలు ఆనవాలు. పద్యంలో సగమే వచ్చింది.

గణకుడు: అలాగైతే మూడో పాదం ఇలా మార్చి చూడండి, రెండు లోపాలూ తీరతాయి:

నిప్పు లేక చమురు నిలువగా దానిపై

"దానిపై" అన్నాక నాలుగో పాదంలోని నీళ్లు నేరుగా సెన్సరు మీదే పడతాయి.

పానా: ఇప్పుడు మెకానిక్ కూడా ఒప్పుకుంటాడు. ఒక మాట మాత్రం చెప్పాలి. నీళ్లు పోసేది పరీక్ష కోసమే, అది రిపేరు కాదు. సెన్సరు ఒంటి మీద కొద్దిగా పోయాలి. కనెక్టరు మీద గానీ కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద గానీ పడకూడదు. అంతకంటే ముందు, బండి మొరాయించి ఉన్నప్పుడే స్టార్టర్ తిప్పుతూ ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు చూడండి. అది సున్నా దగ్గర కదలకుండా ఉంటే అనుమానం బలపడినట్టే. కొన్ని బండ్లలో సెన్సరు బాగున్నా స్టార్టింగ్‌లో ముల్లు లేవదు కాబట్టి దాన్నే తీర్పు అనుకోకూడదు.

పాతబండి: మాది కార్బ్యురేటర్ కాలం నాటిది, సెన్సర్ల గొడవే లేదు. అందుకని:

ఎండదెబ్బ తగిలి యింధన మావిరై
గొట్టమందు బుడగ గూడు కట్టె;
పంపు మీద గుడ్డ పరచి చల్లనివైన
నీళ్లు పోయ బండి నిదుర లేచె

గణకుడు: తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "బుడగ గూడు కట్టె" చదవగానే బొమ్మ కళ్లముందుకొస్తుంది. నీళ్లు ఎక్కడ పోశారో కూడా మూడో పాదం చెప్పేసింది.

పానా: నాదీ అదే మాట. ఆ బండ్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ఆ వేడంతా దానికి తగులుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు, ఆవిరిని లాగలేక ఊరికే కొట్టుకుంటుంది. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి లైన్‌ను ఒత్తిడిలో ఉంచుతుంది కాబట్టి ఈ జబ్బు అరుదు. అక్కడ తాళం ఆన్‌లో పెట్టగానే వెనక సీటు వైపు నుంచి ఒకటి రెండు సెకన్ల పాటు సన్నటి ఝుం శబ్దం వస్తోందా లేదా వినాలి.

కొత్తకలం: నేనూ ప్రయత్నించాను.

రేడియేటరందు నీరింకిపోయెను
వేడి పెరిగి బండి వీధి నిలిచె;
మూత విప్పి యందు ముంచెత్తగా చాల
నీళ్లు పోయ బండి నిదుర లేచె

గణకుడు: మొదటి పాదంలో యతి తప్పింది. "రే"కి "నీ" చెల్లదు. రేఫకు లకారం చెల్లుతుంది కదా, ఇలా అంటే సరి:

రేడియేటరందు లేశమైనను నీరు
లేక వేడి పెరిగి లేవదాయె

పానా: యతి సంగతి అలా ఉంచండి, మూడో పాదం చదివి నాకు చెమటలు పట్టాయి! మరిగిపోతున్న రేడియేటర్ మూత విప్పితే ఆవిరి, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. లోపల ఒత్తిడి ఉన్నంతసేపే ఆ నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీశారా, ఒక్కసారిగా పొంగుతుంది. పైగా ఎర్రగా కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరిస్తే సిలిండర్ హెడ్ చిట్లే ప్రమాదముంది. అలా చేస్తే బండి నిద్ర లేవదు, శాశ్వతంగా పడుకుంటుంది.

గణకుడు: పానా గారి కోపం న్యాయమే. మూడో పాదాన్నీ మార్చేద్దాం:

చల్లబడిన వెనుక సడలించి మూతను

కొత్తకలం: ఇది బాగుంది. మూత మెల్లగా తీయమన్న జాగ్రత్త కూడా "సడలించి"లో వచ్చేసింది.

తీగరాగం:

తెల్లబూజు పట్టె తీగ కొనల మీద
దాటలేక శక్తి దారి తప్పె;
సోడ కలిపి రుద్ది శుభ్రమౌ దాకను
నీళ్లు పోయ బండి నిదుర లేచె

గణకుడు: సో–శు యతి ముచ్చటగా ఉంది. "శక్తి దారి తప్పె" కొంచెం వేదాంతంలా వినిపిస్తోంది కానీ కరెంటుకు ఆటవెలదిలో చోటు దొరకడం కష్టమే, "కరెంటు" సూర్యగణంలో ఒదగదు.

పానా: బ్యాటరీ టెర్మినళ్ల బూజు, వంటసోడా నీళ్లు. విషయం సరైనదే. కానీ సందర్భం మళ్లీ చదవండి: స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. టెర్మినల్ మరీ చెడితే స్టార్టరే తిరగదు, టక్కుమని ఊరుకుంటుంది. వదులు క్లాంపు, లేదా బాడీకి బిగించిన ఎర్త్ తీగ తుప్పు పట్టడం అయితే నడుస్తుండగా ఆగడం కూడా జరుగుతుంది, అప్పుడు ఈ పద్యం నిలబడుతుంది. ఊహించకుండా తేల్చే దారి ఉంది: వోల్టు మీటరు ఒక తీగ బ్యాటరీ దిమ్మె మీద, రెండోది దాని క్లాంపు మీద పెట్టి స్టార్టర్ తిప్పించండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపించిందంటే దొంగ అక్కడే ఉన్నాడు. బూజు కడిగేముందు తీగలు విప్పాలి, మైనస్ ముందు.

చిత్తుకాగితం: నాది కాస్త అడ్డదారి.

మరల మరల నాగు మాయరోగమునకు
మూలమరయ నడుగు మురికినీరె;
విప్పి వంచి చూడ వెలికి వచ్చినయట్టి
నీళ్లు పోయ బండి నిదుర లేచె

నీళ్లు పోయడం కాదు, ట్యాంకులోని నీళ్లు పోవడం!

గణకుడు: ఆలోచన అదిరింది. సమస్యలోని క్రియనే తిరగేశారు, అవధానుల చాతుర్యం. కానీ ఆ అర్థానికి "పోవ" అనో "పోగ" అనో ఉండాలి, "పోయ" అంటే పోయగా అనే. వ్యాకరణం అడ్డొస్తోంది.

వెన్నెల: ఇంత మంచి ఊహకి ఆ ఒక్క అక్షరం మినహాయించలేమా గణకుడు గారూ?

గణకుడు: మెచ్చుకుంటాను, మార్కు మాత్రం తగ్గిస్తాను.

పానా: నా లెక్కలో పూర్తి మార్కులు. నీరు పెట్రోలు కంటే బరువు, అడుగుకు చేరుతుంది. పంపు పీల్చేదీ అడుగునుంచే. ఎత్తుపల్లాల్లో కదిలి ఓ గుక్క నీరు లాగిందంటే బండి ఆగుతుంది. గాజు సీసాలోకి కాస్త పెట్రోలు పట్టి కదపకుండా ఉంచితే కింద వేరే పొర కనిపిస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్లో మాత్రం కొంత నీరు కరిగిపోతుంది. మోతాదు మించాక ఇథనాల్‌నీ వెంటబెట్టుకుని అడుగున విడిపోతుంది.

పాతబండి: పెట్రోలు పంపు రిలే, అదే పంపుకి కరెంటు అందించే స్విచ్చు, దాని మీద ఎవరూ రాయలేదేం? లోపల టంకం పగిలి, వేడికి వదిలేసి, చల్లారాక అంటుకునే రిలేలు ఎన్ని చూశాం!

పానా: దాని మీద నీళ్లు పోసి చూడండి, తర్వాత ఇంకే పద్యమూ రాయనవసరం లేదు.

నిర్వాహకుడు: ఈసారికి మొదటి స్థానం పాతబండి గారిది, దిద్దుబాటుతో కలిపి వెన్నెల గారిది రెండోది. చిత్తుకాగితం గారి విషయంలో నేను గణకుడు గారి వైపే. రిలే కోసం అడిగారు కాబట్టి తర్వాతి సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

సుత్తిదెబ్బ తగిలి సుఖము గలిగె

స్టార్టర్ మోటారును తట్టి లేపడం అందరికీ తట్టే ఊహే, అది తప్ప ఏదైనా రాయండి.