కోడ్ మారలేదు, జుపిటర్‌లో లెక్క మాత్రం మారింది. ఎందుకు?

ప్రశ్న:
జుపిటర్ నోట్‌బుక్‌లో పైథాన్ నేర్చుకుంటున్నా. పాండాస్ లైబ్రరీతో ఒక సెల్‌లో (కోడ్ రాసే గడి) సీఎస్వీ ఫైల్ చదివా. ధర కాలమ్‌ని 1.18తో గుణించి (18 శాతం జీఎస్టీ) తిరిగి అదే కాలమ్‌లో పెట్టే సెల్ ఇంకొకటుంది. 100 రూపాయల వస్తువుకి మొదట 118 వచ్చింది, ఇప్పుడు 139.24 అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

జవాబు 1:
ఆ సెల్ రెండుసార్లు రన్ అయిందండి. 118ని మళ్ళీ 1.18తో గుణిస్తే 139.24. ఇంకోసారి షిఫ్ట్-ఎంటర్ నొక్కండి, 164.30 అవుతుంది. తెర మీద ఉన్నది కోడే, డేటా ఉండేది కెర్నల్ (వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) మెమరీలో. సెల్ పక్కన బ్రాకెట్లో అంకె ఉంటుంది, అది రన్ చేసిన వరస. పైనుంచి కిందికి 4, 9, 6 అని కనిపిస్తే వరస తప్పినట్టే.

గుణించినదాన్ని కొత్త కాలమ్‌లో పెట్టండి. పాత ధర చెక్కుచెదరదు కాబట్టి పదిసార్లు నొక్కినా 118 దాటదు. ఆపైన కెర్నల్ రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్ మొదటినుంచి నడపండి.

జవాబు 2:
ఈ గొడవ పడలేక కొందరు మరిమో అనే ఇంకో పైథాన్ నోట్‌బుక్‌కి మారుతున్నారు. అందులో ఒక సెల్ మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే నడుస్తాయి, సెల్ తీసేస్తే దాని వేరియబుల్స్ కూడా పోతాయి. అయితే డేటాఫ్రేమ్ (పాండాస్ పట్టిక) లోపల జరిగే మార్పుల్ని అది పట్టుకోదు. మీ సెల్‌ని అలాగే అక్కడికి తీసుకెళ్ళి రెండుసార్లు నడిపితే అదే 139.24. కాబట్టి ముందు సెల్‌ని సరిచేసుకోండి, పనిముట్టు సంగతి తర్వాత.

ప్రశ్న అడిగినవారు:
కొత్త కాలమ్‌తో 118 దగ్గరే నిలిచింది, థాంక్స్. కానీ రీస్టార్ట్ చేసి అన్నీ నడిపితే మూడో సెల్ దగ్గర నేమ్‌ఎర్రర్. డిస్కౌంట్ అనే ఫంక్షన్ లేదట! ఇందాకటిదాకా పనిచేసిందిగా?

జవాబు 1:
దాన్ని రాసిన సెల్‌ని ఎప్పుడో డిలీట్ చేసి ఉంటారు. సెల్ పోయినా ఫంక్షన్ కెర్నల్‌లో బతికే ఉంటుంది, రీస్టార్ట్‌తో అదీ పోయింది. మళ్ళీ రాయక్కర్లేదు లెండి. ఖాళీ సెల్‌లో పర్సెంట్ గుర్తు, వెంటనే హిస్టరీ, తర్వాత ఖాళీ వదిలి డ్యాష్ జీ, ఆ పక్కన ఫంక్షన్ పేరు కొట్టి రన్ చేయండి. పాత సెషన్లలో మీరు నడిపిన కోడ్‌ని మీ కెర్నల్‌లో ఉండే ఐపైథాన్ డిస్క్ మీద దాస్తుంది, అందులోంచి వెతికి చూపిస్తుంది. దొరికినదాన్ని మూడో సెల్‌కి పైన అతికించండి, కింద కాదు.