పెళ్లయింది, కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్లో ఇంకా సింగిల్ అనే ఉంది. భార్యను ఎలా కలపాలి?

కెవి_31:
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు, ఎంటెక్, ఆరేళ్ల ఉద్యోగ అనుభవం, ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ పద్ధతిలో, ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యం ఉన్న ఉద్యోగుల దారి) కింద ప్రొఫైల్ పెట్టేటప్పటికి నాకు పెళ్లి కాలేదు, సీఆర్ఎస్ స్కోరు (వయసు, చదువు, భాష లాంటివాటికి ఇచ్చే పాయింట్లు, దీన్ని బట్టే పిలుస్తారు) 458 వచ్చింది. నాలుగు నెలల క్రితం పెళ్లయింది. మా ఆవిడకు 27, బీకామ్ చేసింది, అకౌంట్స్‌లో మూడేళ్లుగా పని చేస్తోంది, ఇంగ్లిష్ పరీక్ష ఏదీ రాయలేదు. పెళ్లయినట్టు పెట్టి లెక్క వేస్తే స్కోరు 432కి పడిపోతోంది. నా కన్సల్టెంట్ ఏమంటాడంటే ఇప్పుడు ఏమీ మార్చకు, నీకు పీఆర్ వచ్చాక ఆవిణ్ణి స్పాన్సర్ చేసుకుని తెచ్చుకో అని. ఇంకొకాయన చూపించు గానీ నీతో రావట్లేదని పెట్టు, సింగిల్ స్కోరే వస్తుంది అన్నాడు. ఇంట్లో తను "నావల్లే నీ స్కోరు తగ్గింది" అని బాధపడుతోంది, అది చూస్తుంటే నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. ఇది దాటి వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నీలిమేఘం:
ముందు ఆ మొదటి కన్సల్టెంట్ మాట వినకండి. మా పెద్దమ్మ కొడుకు ఇలాగే దెబ్బతిన్నాడు. పీఆర్ వీసా చేతికొచ్చాక, ఫ్లైట్ ఎక్కడానికి మూడు వారాల ముందు పెళ్లి చేసుకున్నాడు, ల్యాండింగ్ రోజు, అంటే పీఆర్‌తో మొదటిసారి కెనడాలో దిగిన రోజు, ఆఫీసర్ అడిగితే కంగారులో పాత ఫారంలో ఉన్నట్టే పెళ్లి కాలేదని సంతకం పెట్టేశాడు. మోసం చేద్దామనే ఉద్దేశమే లేదు, చెబితే వీసా ఎక్కడ పోతుందోనని భయం. తర్వాత వదినను స్పాన్సర్ చేస్తే రిజెక్ట్ అయింది. రూల్ ఏంటంటే, మీరు పీఆర్ తీసుకునేటప్పుడు చూపించని, మెడికల్ లాంటి పరిశీలన అక్కడి అధికారుల చేత చేయించని భార్యనైనా పిల్లలనైనా తర్వాత ఫ్యామిలీ క్లాస్ (కుటుంబసభ్యుల దారి) కింద స్పాన్సర్ చేయలేరు. అక్కడి రెగ్యులేషన్స్‌లో 117(9)(డి) అంటారు. 2019 సెప్టెంబర్‌లో ఒక తాత్కాలిక వెసులుబాటు తెచ్చారు గానీ, అప్పుడు నిజం చెప్పి ఉంటే పీఆర్‌కే అర్హత పోయేవాళ్లకు అది పనికిరాదు. మీది సరిగ్గా అలాంటి కేసే అవుతుంది, ఎందుకంటే మీరు దాచేదే స్కోరు కోసం. పైగా అబద్ధం బయటపడితే 5 ఏళ్లు కెనడాకు రాకుండా, పీఆర్‌కు వేయకుండా నిషేధం పెడతారు. ప్రొఫైల్ పూల్‌లో (పిలుపు కోసం ఎదురుచూసే జాబితాలో) ఉన్నప్పుడు ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు, ఇంకా ఇన్విటేషన్ (పీఆర్‌కు అప్లై చేయమనే పిలుపు) రాలేదు కాబట్టి మీరు చేసిన తప్పేమీ లేదు. ఈ రాత్రే మార్చేయండి.

సత్య_లెక్క:
బ్రదర్, నువ్వు 432 దగ్గరే ఆగిపోయావు, అసలు లెక్క ఆ తర్వాతే ఉంది. పెళ్లయినవాళ్లకు నీ వయసు పాయింట్లు 99 నుంచి 90కి, చదువు 135 నుంచి 126కి, భాష 124 నుంచి 116కి తగ్గుతాయి, మొత్తం 26 పోతాయి. కానీ పెళ్లయినవాళ్లకే స్పౌస్ పాయింట్లని వేరే ఉన్నాయి, 40 వరకు: చదువుకు 10, ఇంగ్లిష్‌కు 20, కెనడా అనుభవానికి 10. మీ ఆవిడ బీకామ్‌కు ఈసీఏ (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే రిపోర్టు) చేయిస్తే 8 వస్తాయి. ఇంగ్లిష్‌లో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా వాడే భాషా స్థాయి కొలత) 9, అంటే నీకు వచ్చిన బ్యాండ్లే, వస్తే 20. మొత్తం 28. అంటే 432 కాస్తా 460 అవుతుంది, నీ సింగిల్ స్కోరు కన్నా రెండు ఎక్కువ! పరీక్ష కాస్త తగ్గి సీఎల్‌బీ 7 దగ్గర ఆగినా ఇంగ్లిష్‌కు 12, 8తో కలిపి 20, మొత్తం 452. తను నీకు భారం కానే కాదు, ఆ మాట ముందు తనకి చెప్పు.

తననే ప్రధాన అప్లికెంట్‌గా పెడితే ఎలా ఉంటుందని కూడా చూశాను. వయసుకు 100 వస్తాయి గానీ బ్యాచిలర్స్ కాబట్టి చదువు దగ్గర, చదువు-భాష కలిపి ఇచ్చే చోట తగ్గి, నీ స్పౌస్ పాయింట్లు 30 కలిపినా 433 దగ్గరే ఆగుతుంది. కాబట్టి నువ్వే ఉండు. (ఇద్దరూ చెరో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, ఒక్కో దాంట్లో రెండోవాళ్లు స్పౌస్‌గా ఉంటారు, అది తప్పు కాదు.)

ఇంకొక మాట, బాధపెట్టాలని కాదు. 458 అయినా 460 అయినా, కెనడాలో పని చేయనివాళ్లకు ఈ మధ్య అంత స్కోరుతో మామూలుగా పిలుపు రావడం కష్టం. జాబ్ ఆఫర్ పాయింట్లు కూడా 2025 మార్చి 25 నుంచి తీసేశారు. ప్రావిన్స్ నామినేషన్ (అక్కడి ఒక రాష్ట్రం మనల్ని ఎంపిక చేయడం) వస్తే 600 కలుస్తాయి, ఫ్రెంచ్ బాగా వస్తే 50 వరకు కలుస్తాయి, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు (పిలుపులు పంపే విడతలు) కూడా ఉంటాయి, 2025 మార్చిలో ఒకసారి కటాఫ్ 379కి దిగింది. నీ శ్రమంతా అటు పెట్టు. ఆ 26 పాయింట్ల కోసం పెళ్లి దాచడం మాత్రం అస్సలు వద్దు.

మంచుపూలు:
తమ్ముడూ, రెండో ఆయన చెప్పిన దారిలో నేను వెళ్లాను, అందుకే రాస్తున్నాను. మా ఆయన తన ప్రొఫైల్లో నన్ను చూపించి, తోడు రావట్లేదు అని పెట్టారు. అది చట్టప్రకారం తప్పేమీ కాదు, సింగిల్ స్కోరే లెక్కేస్తారు. కానీ దానివల్ల ఏదో తగ్గుతుందనుకోవద్దు. నేను వెళ్లకపోయినా మెడికల్ నాకూ చేశారు, పోలీస్ సర్టిఫికెట్ నాదీ అడిగారు. బ్యాంకులో చూపించే డబ్బు కూడా ఇద్దరి లెక్కనే, 2025 జులై నాటికి ఒక్కరికి 15,263 కెనడియన్ డాలర్లు, ఇద్దరికి 19,001. అదే తోడు వెళ్తున్నట్టయితే జాయింట్ ఖాతాలోని డబ్బు చూపించుకోవచ్చు.

ఆయన వెళ్లి, ఇల్లు చూసుకుని, స్పాన్సర్‌షిప్ వేసి, మళ్లీ ఫీజులు కట్టి, నేను అక్కడికి చేరేసరికి 16 నెలలైంది. మధ్యలో విజిట్ వీసాకు వేస్తే వెనక్కి వెళ్తాననే నమ్మకం కుదరక ఇవ్వలేదు. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆయన ఒక దేశంలో, నేను ఒక దేశంలో, ఫోన్లోనే ఏడ్చుకున్నాం. నిజంగానే వెళ్లలేని కారణం ఉంటే, చదువు మధ్యలో ఉంటేనో అమ్మానాన్నలను చూసుకోవాల్సి వస్తేనో, అప్పుడు ఆ దారి సరే. కానీ ఇద్దరూ వెళ్లాలనుకుంటూ పాయింట్ల కోసమే అలా పెడితే ఆఫీసర్ ఎందుకు రావట్లేదని అడగచ్చు, అప్పుడు చెప్పడానికి నిజమైన జవాబు ఉండాలి కదా. మీ ఇద్దరినీ అడుగుతున్నాను, విడిగా ఉండటానికి మీకు ఏదైనా కారణం ఉందా?

కెవి_31:
లేదక్కా, ఏ కారణమూ లేదు. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఇవన్నీ చదివాం. 460 అని చూశాక తన ముఖంలో తేడా నాకే తెలిసిపోయింది. ప్రొఫైల్లో మ్యారీడ్ అని, తోడు వస్తోంది అని మార్చేశాను, ప్రస్తుతానికి 432 చూపిస్తోంది. తనకు ఐఈఎల్‌టీఎస్ వచ్చే నెలాఖరుకు బుక్ చేశాం. పరీక్ష అయ్యేలోపు ఏం సిద్ధం చేసుకోవాలి?

సత్య_లెక్క:
మంచి పని చేశావు. తన యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్‌లు తెప్పించే పని ఇప్పుడే మొదలుపెట్టు, ఎక్కువ ఆలస్యం అయ్యేది అక్కడే, ఈసీఏ వచ్చాక 5 ఏళ్లు చెల్లుతుంది. మ్యారేజ్ సర్టిఫికెట్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకో, అందులో పేర్ల స్పెల్లింగ్ ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకో. నీ ఐఈఎల్‌టీఎస్ ఎప్పటిది? అది 2 ఏళ్లే చెల్లుతుంది, తన రిజల్ట్ కోసం చూస్తూ నీది దాటిపోనివ్వకు. ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే టైమ్, పైగా 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా అప్లికేషన్‌తోనే పెట్టాలి కాబట్టి అప్పుడు వెతుక్కుంటే కుదరదు.

నీలిమేఘం:
ఇంకొకటి. ఈలోపు పిల్లలు పుడితే ఆ సంగతి కూడా వెంటనే చెప్పాలి, అప్లికేషన్ వేశాక అయినా సరే. ల్యాండింగ్‌కు మీరు వెళ్లాకే తను వెళ్లాలి, లేదా ఇద్దరూ కలిసి వెళ్లాలి. ప్రధాన అప్లికెంట్ కన్నా ముందు స్పౌస్ ల్యాండ్ అవ్వడం కుదరదు.

కెవి_31:
నా ఐఈఎల్‌టీఎస్‌కు ఇంకా 11 నెలలుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌ల కోసం సోమవారం తనతో పాటు నేనూ వెళ్తున్నాను. ఫ్రెంచ్ క్లాసులో ఇద్దరం చేరదామని తనే అంటోంది. రిజల్ట్ వచ్చాక ఇక్కడే చెప్తాను.