ఊపిరితిత్తి క్యాన్సర్: ముందు ఆపరేషనా, ముందు ఇమ్యూనోథెరపీనా?

పాలకొల్లు అల్లుడు:
సభ్యులకు నమస్కారం. మా మామగారికి కుర్రతనం నుంచీ లంక పొగాకు చుట్ట అలవాటు. ఇప్పుడు కుడి ఊపిరితిత్తిలో 4.5 సెంటీమీటర్ల గడ్డ ఉందని, దాని మొదట్లో ఉన్న లింఫ్ గ్రంథి ఒకదానికి కూడా పాకిందని, రెండో దశ అని తేల్చారు. సర్జన్ గారు వెంటనే తీసేయవచ్చంటున్నారు. మందులిచ్చే క్యాన్సర్ డాక్టరుగారు మాత్రం ముందుగా కీమోతో కలిపి ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే మందు) మూడు విడతలు ఇచ్చి, ఆ తరువాత ఆపరేషన్ చేయిద్దామంటున్నారు. గడ్డను ఒంట్లో పెట్టుకుని మూడు నెలలు ఎలా కూర్చుంటామని మా అత్తగారు, బావమరిది ససేమిరా అంటున్నారు. ఇది చాలదన్నట్టు, ఆపరేషన్ తరువాత లోపల చీము పట్టి జ్వరం వస్తే రోగనిరోధక శక్తి మేల్కొని క్యాన్సర్ తిరగబెట్టదని ఊళ్లో ఒక పెద్దాయన చెప్పారు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

అమలాపురం వాసి:
నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కోసి తీయగలిగిన గడ్డను ముందు తీయించండి. ముందు మందు అనే పద్ధతికి ఆధారంగా చూపే చెక్‌మేట్ 816 అధ్యయనంలో కీమో, ఇమ్యూనోథెరపీ కలిపి ముందుగా తీసుకున్నవారిలో ఆపరేషన్ దాకా చేరినవారు 83 శాతమే. మిగిలినవారిలో కొందరికి జబ్బు ముదిరింది, కొందరికి ఇతర కారణాలు అడ్డొచ్చాయి. ఇమ్యూనోథెరపీ వల్ల ఊపిరితిత్తులే వాచే ప్రమాదం కూడా ఉంది, చుట్ట పొగతో ఇప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది చిన్న విషయం కాదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అదే మందును ఆపరేషన్ తరువాత ఇవ్వవచ్చు కదా? 2021లో వెలువడిన ఐఎంపవర్ 010 అధ్యయనంలో, గడ్డలో పీడీ-ఎల్1 (రోగనిరోధక కణాలను అడ్డుకునే) ప్రోటీన్ ఉన్న రెండు, మూడు దశల రోగులకు ఆపరేషన్, కీమో తరువాత అటిజోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది.

కాకినాడ పాథాలజీ:
అల్లుడుగారూ, ముందు చీము సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ పెద్దాయన మాటకు ఒక మూలం ఉంది. ఆపరేషన్ తరువాత ఛాతీలో చీము పట్టినవారు ఎక్కువ కాలం బతికారని 1972లో అమెరికాలోని ఆల్బనీ వైద్యులు రాశారు. అది కొద్దిమంది రోగుల మీద చేసిన పరిశీలన. దాని ఆధారంగానే ఆ తరువాత ఛాతీలోకి బీసీజీ (క్షయ టీకా) ఎక్కించి చూశారు, పలు ఆసుపత్రులు కలిసి చేసిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనబడలేదు. 2016లో ఫలితాలు వెలువడిన మేజ్-ఏ3 అనే క్యాన్సర్ టీకాదీ అదే కథ, ఆపరేషన్ అయిన రెండు వేల మందికి పైగా రోగుల్లో అది జబ్బు తిరగబెట్టడాన్ని ఆపలేకపోయింది. కనుక చీము పడితే మంచిదన్న మాట నమ్మవద్దు, చీము ప్రాణాంతకం. తిప్పతీగ కషాయాలతో నిరోధక శక్తి పెంచుదామనుకునేవారికీ నా మనవి ఒకటే: ఇక్కడ కావలసింది ఒంట్లో మొత్తం శక్తి కాదు, ఆ గడ్డను గుర్తుపట్టి చంపగల టి-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు).

అసలు చర్చ అక్కడే ఉంది. గడ్డ లోపల ఉన్నప్పుడు మందు ఇస్తే, ఆ గడ్డలోని రకరకాల ప్రోటీన్లను టి-కణాలు చూసి, గుర్తుపెట్టుకుని, రక్తంలోకి వెళ్లి కంటికి కనబడని కణాలను కూడా వేటాడే అవకాశం ఎక్కువ. గడ్డనూ దాని పక్కనున్న లింఫ్ గ్రంథులనూ తీసేశాక ఆ పాఠశాలే ఉండదు. పైగా పెద్ద ఆపరేషన్ తరువాత కొన్ని రోజులపాటు సహజ హంతక కణాల (క్యాన్సర్ కణాలను చంపే మరో రకం రోగనిరోధక కణాల) చురుకుదనం బాగా తగ్గిపోతుంది. ముందుగా మందు తీసుకుని వచ్చిన ఊపిరితిత్తి ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, క్యాన్సర్ కణాలు ఉండవలసిన చోట మచ్చ కణజాలం, చచ్చిన కణాల చెత్తను మింగి నురగలా ఉబ్బిన మాక్రోఫేజ్‌లు, వాటి చుట్టూ గుంపులుగా లింఫోసైట్లు (టి-కణాల వంటి తెల్ల రక్తకణాలు) కనిపిస్తాయి. క్యాన్సర్ కణం ఒక్కటీ కనబడని ముక్కలు చెక్‌మేట్ 816లో 24 శాతం, కీమో మాత్రమే తీసుకున్నవారిలో 2.2 శాతం. అయిదేళ్ల తరువాత బతికి ఉన్నవారు 65 శాతం, కీమో వైపు 55 శాతం.

83 శాతమే ఆపరేషన్‌కు చేరారన్న మాట నిజమే, కానీ అదే అధ్యయనంలో కీమో మాత్రమే తీసుకున్నవారిలో చేరినది 75 శాతం. అంటే ఇమ్యూనోథెరపీ కలపడం వల్ల ఆపరేషన్ చేజారేవారు పెరగలేదు.

అమలాపురం వాసి:
ఆ పోలిక కీమో ముందుగా తీసుకున్నవారితోనే కదా, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారితో కాదు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అదే మందును ముందు ఇచ్చి, తరువాత ఇచ్చి పోల్చిన పెద్ద అధ్యయనం ఏదైనా ఉంటే చూపండి. అంతవరకు నా మాట మీదే ఉంటాను.

కాకినాడ పాథాలజీ:
మీ ప్రశ్న న్యాయమైనది. ఆ పోలిక మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో జరిగింది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులో కొంత ఆపరేషన్‌కు ముందు, మిగిలినది తరువాత ఇచ్చినప్పుడు రెండేళ్ల వరకు జబ్బు బెడద లేనివారు 72 శాతం, మొత్తం తరువాతే ఇచ్చినప్పుడు 49 శాతం. ఊపిరితిత్తికి అది నేరుగా వర్తిస్తుందని నేను అనను. కానీ ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఆపరేషన్ తరువాత మాత్రమే దుర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చి చూసిన అధ్యయనం 2024లో విఫలమైంది. ఈ రెండూ కలిపి చూస్తే, రెండో దశలో గ్రంథికి పాకిన గడ్డకు ముందు మందు వైపే నేను మొగ్గుతాను. గ్రంథికి పాకని చిన్న గడ్డ అయితే మీతో కలిసి ఆపరేషనే ముందన్నవాణ్ణి.

అల్లుడుగారూ, ఏ నిర్ణయానికైనా ముందు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలు (గడ్డలోని జన్యు మార్పులు చూసేవి) చేయించండి. చుట్ట కాల్చేవారిలో ఈ మార్పులు తక్కువే అయినా లేవనుకోకూడదు. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉంటే ఇమ్యూనోథెరపీ అంతగా పనిచేయదు. అప్పుడు ఆపరేషన్ చేయించి తరువాత ఒసిమర్టినిబ్ మాత్రలు వాడడం మేలు, ఆ పద్ధతిలో అయిదేళ్లకు 88 శాతం బతికి ఉన్నారు, మాత్రలు లేనివారిలో 78 శాతం. బయాప్సీ చేసిన ల్యాబులో గడ్డ ముక్కను దాచిన మైనపు బ్లాకు ఉంటుంది, అది అడిగి తీసుకోండి. మళ్లీ సూది గుచ్చనక్కరలేకపోవచ్చు.

పాలకొల్లు అల్లుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్లాకు కోసం రేపు ఉదయం భీమవరం వెళ్తున్నాను. ఊపిరి సామర్థ్యం పరీక్ష కూడా చేయించమని బావమరిదికి చెప్పాను. రిపోర్టులు రాగానే ఇక్కడ పెడతాను.