రోజూ చేసే వంటకు కొలతలు కావాలా, కంటి అంచనా చాలా?

సాయంత్రంవంట:
వారం రోజులుగా మా ఇంట్లో నలుగుతున్న వాదన ఇది. మీ అందరి మాటా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

మా అబ్బాయికి పదిహేనేళ్లు. మొన్న నాకు ఆఫీసులో ఆలస్యమవుతుందంటే, రాత్రికి కూరగాయల సూప్ తనే చేస్తానన్నాడు. ఫోన్లో రెసిపీ పెట్టుకుని ఉల్లిపాయ తరిగాడు. అందులో రెండు క్యారెట్లు, ఒక సెలరీ కాడ, కాస్త థైమ్ కావాలని ఉంది. ఫ్రిజ్‌లో ఉన్నవి ఒక్క క్యారెట్, సగం క్యాబేజీ, నాలుగు బంగాళాదుంపలు. నేను ఇల్లు చేరేసరికి స్టవ్ ఆర్పేసి ఉంది. తరిగిన ఉల్లిపాయ పళ్లెంలో అలాగే ఉంది. వాడు ఒట్టి బ్రెడ్ తింటున్నాడు. "అన్నీ లేవమ్మా, కుదరదు" అన్నాడు.

నాకు నిజంగా బాధేసింది. అన్ని కూరగాయలు ఎదురుగా పెట్టుకుని వాడు ఆకలితో కూర్చున్నాడు.

పిల్లలకు మొదట కొలతలే నేర్పాలి, అంచనా తర్వాత దానంతటదే వస్తుంది అంటుంది మా అక్క. నేను ఒప్పుకోను. కొలతలతో మొదలుపెట్టినవాళ్లు ఒక్క వస్తువు తక్కువైతే చేతులు ముడుచుకుంటారు. రోజు వంటకు తెలియాల్సింది వరుస. ఉల్లిపాయ మెత్తబడాలి, గట్టి కూరగాయలు ముందు పడాలి, ఆకులు చివర్లో, పులుపు ఏదైనా దుంప ఉడికాకే. టమాటా ముందే పోసేస్తే బంగాళాదుంప ఒక పట్టాన మెత్తబడదు, ఆ పులుపుకి ముక్క బిర్రుగానే ఉండిపోతుంది. ఈ సంగతి తెలిసినవాడికి క్యారెట్ రెండా ఒకటా అన్నది లెక్కే కాదు. మీరేమంటారు?

గ్రాములలెక్క:
మీ అక్కగారి మాటే నాదీ. మీ అబ్బాయిని ఆపింది కొలత కాదండీ. ఆ రెసిపీలో ఏది ముఖ్యం, ఏది కాదు అని ఎవరూ చెప్పకపోవడం ఆపింది.

నా సంగతి చెబుతాను. మా అమ్మ బంగాళాదుంప కూర చేస్తే వీధి మలుపు దాకా వాసన వచ్చేది. ఎలా చేస్తావమ్మా అంటే ఉప్పు తగినంత, నూనె తగినంత, నీళ్లు చూసి పోయాలి అనేది. పదేళ్లు ఆ 'తగినంత' నాకు అర్థం కాలేదు. చివరికి ఒకరోజు చిన్న తూకం మిషన్ మీద గిన్నె పెట్టి, "అమ్మా, ఏది వేసినా ముందు ఇందులో వెయ్యి, నేను కూరలో ఒంపుతాను" అన్నాను. విసుక్కుంటూనే వేసింది. అలా మూడు రోజులు చేయించాను. ఉప్పు మొదటి రోజు 7 గ్రాములు, రెండో రోజు 6, మూడో రోజు మళ్లీ 7. ఆమె చెయ్యే తూకం అయిపోయింది, ఆమెకే ఆ సంగతి తెలియదు. అమ్మ పోయి ఇప్పటికి రెండేళ్లు. ఆ కాగితం లేకపోతే ఆ కూర కూడా ఆమెతోనే పోయేది.

అంచనా అనేది కొన్ని వేలసార్లు చేశాక చేతికి అబ్బే కొలత. మొదటిసారి గరిట పట్టుకున్నవాడికి అది ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా కప్పులు, చెంచాల కొలతలు చూసి కొలతలన్నీ ఇంతే అనుకోకండి. అమెరికా రెసిపీలో కప్పు అంటే సుమారు 240 మి.లీ., ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20. ఒకే కప్పుతో మైదా డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాములు రావచ్చు, చెంచాతో వదులుగా నింపితే 120. అందుకే గ్రాములు అంటాను.

ఒకేగిన్నె:
నేను సాయంత్రంవంట గారి వైపు. ముగ్గురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరికి బీపీ, ఒకరికి కారం లేనిదే ముద్ద దిగదు. ఈ ఇంట్లో రెసిపీ చూసి వండితే రోజుకు మూడు వంటలు చేయాలి.

మా ఇంట్లో జరిగేది చెబుతాను. ఒక పెద్ద గిన్నెలో ఉల్లిపాయ, ఆ రోజు ఉన్న కూరగాయలు, పప్పు కలిపి ఉడికిస్తాను. కారం వేయను, ఉప్పు సగమే వేస్తాను. మెత్తగా ఉడికాక చిన్నవాడి గిన్నెలోకి తీసి గరిటెతో మెదుపుతాను. బీపీ ఉన్న మామయ్యగారికి నిమ్మరసం పిండి ఇస్తాను. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు అంతగా తెలియదు. మిగిలినదాంట్లో ఉప్పు సరిచూసి, వేరే చిన్న బాణలిలో నూనెలో మిరపకాయ, వెల్లుల్లి వేయించి కలుపుతాను. మర్నాడు మిగిలితే అదే నీళ్లు పోసి సూప్, లేదా ఇంకాస్త దగ్గరకు ఉడికించి బ్రెడ్ మీదకి. ఇందులో గ్రాములు ఎక్కడ పెట్టమంటారు?

ఒక్క మాట, ఇలా సర్దుబాటు చేసేటప్పుడు ఏడాది లోపు పిల్లలకు తీపి కోసం తేనె మాత్రం వేయకండి, చుక్క కూడా. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఆ వయసు పేగుల్లో విషం తయారుచేయగలదు. అలాగే మిగిలిన అన్నం రాత్రంతా గిన్నెలో బయట వదిలేయొద్దు. రెండు గంటల్లోపు వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిచేస్తే అంతా చచ్చిపోతుందనుకుంటాం కానీ, అన్నంలో ఊరిన విషం మళ్లీ వేడిచేసినా పోదు.

కొత్తకాపురం:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. పెళ్లయి నాలుగు నెలలు. కంటి అంచనాతో ఉప్పు వేస్తే రోజు విడిచి రోజు ఎక్కువవుతోంది. పచ్చి బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు, నిజమేనా?

గ్రాములలెక్క:
నిజం కాదమ్మా. దుంప తనకు పట్టినంత ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది, మిగతా పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని నీళ్లో, ఉడికిన కూరగాయో, పప్పో కలిపి పరిమాణం పెంచడం ఒక్కటే దారి. ఇకముందు కిలో సూప్‌కి లేదా కూరకి 8 గ్రాములతో మొదలుపెట్టి, దించే ముందు రుచి చూసి పెంచుకోండి. ఒక జాగ్రత్త: మెత్తని ఉప్పు చెంచాడు, పలుకుల ఉప్పు చెంచాడు ఒకే బరువు ఉండవు, కొన్ని రకాల్లో సగానికి సగం తేడా వస్తుంది. చెంచా మీద నమ్మకం పెట్టుకుని ప్యాకెట్ మారిస్తే అదే జరుగుతుంది.

పిండిచేతులు:
వాదన అంతా కూర చుట్టూనే తిరుగుతోంది. పిల్లల పుట్టినరోజుల సంగతి కూడా చూడండి. పొయ్యి మీద వంటని మధ్యలో రుచి చూడవచ్చు, నీళ్లు పోయవచ్చు, మంట తగ్గించవచ్చు. ఓవెన్‌లోకి వెళ్లిన కేక్‌ని ఇక ఏం చేయలేం. అందుకే అక్కడ తూకం తప్పదంటాను.

పోయిన నెల మా పాప పుట్టినరోజుకి నేను చేసిన తప్పు చెబుతాను. రెసిపీలో 20 సెం.మీ. గుండ్రటి టిన్ అని ఉంది, నా దగ్గర 23 ఉంది. మూడు సెంటీమీటర్లే కదా అనుకున్నాను. లెక్కేస్తే 20 టిన్ అడుగు 314 చదరపు సెంటీమీటర్లు, 23ది 415. మూడో వంతు పెద్దది! పిండి పల్చగా పరుచుకుని, చెప్పిన టైముకు అట్టముక్కలా ఎండిపోయింది. పాప ఏమీ అనలేదు, క్రీమ్ నాకేసి ముక్క పక్కన పెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బేకింగ్ పౌడర్ లేదని అంతే సోడా వేసేవాళ్లున్నారు. సోడా దానికంటే మూడు నాలుగు రెట్లు ఘాటు, పైగా పొంగాలంటే పెరుగో నిమ్మరసమో తగలాలి. లేకపోతే సబ్బు రుచి వస్తుంది.

అయితే తూకం ఉంటే మార్పులు కుదరవన్న మాటని మాత్రం ఒప్పుకోను. నాలుగు గుడ్లు పగలగొట్టి తూచండి. 200 గ్రాములు వచ్చిందనుకుందాం. అంతే వెన్న, అంతే పంచదార, అంతే మైదా, టీ చెంచాన్నర బేకింగ్ పౌడర్. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్లు కొద్దికొద్దిగా కలిపి, చివర్లో మైదా. 180 డిగ్రీల్లో 40 నిమిషాలు దాటాక పుల్ల గుచ్చి చూడాలి. ఇంట్లో రెండే గుడ్లు ఉన్నాయా? రెండే తూచండి, మిగతావి వాటితో సమానం, చిన్న కప్పుల్లో పోసుకోండి. చాక్లెట్ కావాలంటే మైదాలో 30 గ్రాములు తీసి కోకో వేయండి. నారింజ తొక్క తురిమినా సరే, ఎండుద్రాక్ష వేసినా సరే. ఇంతకంటే ఉన్నదాంతో సర్దుకునే వంట ఏముంటుంది? తూకం ఉంది కాబట్టే అది కుదురుతోంది.

నిప్పుమీద:
కొలత వద్దు, ఉన్నది వేసేయండి అనేవాళ్లకు ఒక హెచ్చరిక. స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో, పప్పు బదులు ఎర్ర రాజ్మా వేసి నేరుగా పెట్టేశాను ఒకసారి. పైకి ఉడికినట్టే ఉన్నాయి. తిన్న రెండు గంటలకు ఇల్లంతా వాంతులు. పచ్చి రాజ్మాలో ఉండే విషపదార్థం తక్కువ వేడికి పోదు, అరకొరగా ఉడికితే పచ్చివాటికంటే ప్రమాదం. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు బాగా మరిగించాకే స్లో కుక్కర్‌లో వేయాలి. డబ్బాలో దొరికే ఉడికినవైతే భయం లేదు.

సాయంత్రంవంట:
నిప్పుమీద గారూ, ఇది చదివి గుండె ఝల్లుమంది. మా ఇంట్లో కూడా అలాగే చేసేదాన్నేమో.

కేక్ విషయంలో పిండిచేతులు గారి మాట ఒప్పుకుంటున్నాను. గ్రాములలెక్క గారూ, మీ అమ్మగారి సంగతి రెండుసార్లు చదివాను. కానీ ఒకటి అడుగుతాను, తప్పుగా తీసుకోకండి. ఆ కాగితం మీ చేతిలో ఉంది, సరే. దుంపలు సగమే ఉన్న రోజు అదే కూర ఎలా చేస్తారు? మీ అమ్మగారు ఏం చేసేవారు?

గ్రాములలెక్క:
దుంపలు తూచి, ఉప్పూ నూనే సగం చేస్తాను. లెక్క రాసుకున్నందువల్లే అది నాకు తేలిక. అమ్మ అయితే ఇంకో కూరగాయ కలిపేది. అది నాకు ఇప్పటికీ చేతకాదు, నిజమే. ఏది కలిపితే ఎంత నీరు వదులుతుందో ఆమెకు తెలుసు. దాన్ని నేను కాగితం మీదకు ఎక్కించలేకపోయాను.

ఒక పాత సంగతి. 1896లో అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ అనే ఆవిడ చెంచా నింపి పైన కత్తితో చదును చేసి కొలవమని వంటల పుస్తకంలో రాసింది. అంతకుముందు చాలా రెసిపీల్లో 'గుడ్డంత వెన్న' లాంటి మాటలే ఉండేవి. ఆ మార్పుతో, పక్కన నిలబడి నేర్పే మనిషి లేనివాళ్లు కూడా పొయ్యి ముట్టించగలిగారు. కొలతని నేను అంతగా పట్టుకుని వేలాడేది అందుకే. మీ అబ్బాయి పక్కన ఆ రోజు మీరు లేరు కదా.

ఒకేగిన్నె:
ఆయన పక్కన ఆయన అమ్మ ఉంది, అయినా పదేళ్లు పట్టింది కదండీ. పక్కన నిలబడి నేర్పించడమంటే నోటితో చెప్పడమే అనుకోకూడదు. గరిట పిల్లల చేతికివ్వాలి. మా పెద్దదానికి ఉప్పు చూడడం నేర్పడానికి ఒకే సూప్‌ని మూడు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో ఏమీ వేయకుండా, ఒకదాంట్లో చిటికెడు, ఒకదాంట్లో రెండు చిటికెలు వేయించాను. పది నిమిషాల పని. ఆ రోజు నుంచి అది నన్ను అడగడం మానేసింది.

సాయంత్రంవంట:
ఈ మూడు గిన్నెల పని నిన్న రాత్రి చేశాం. వాడికి మధ్యది నచ్చింది. తర్వాత రెసిపీ తెరిచి, ప్రతి వస్తువు పక్కన "ఇది ఎందుకు?" అని వాడి చేతే రాయించాను. క్యారెట్ తీపికి. సెలరీ వాసనకి. దుంప చిక్కదనానికి. థైమ్ పక్కన చాలాసేపు ఆగి, "లేకపోయినా పర్లేదు" అని రాశాడు. ఒక క్యారెట్, క్యాబేజీ, మూడు దుంపలతో వాడే చేశాడు. కాస్త పల్చగా వచ్చింది, దుంప ఒకటి తీసి మెదిపి మళ్లీ కలిపాడు. నేను చెప్పలేదు.

అక్కకి ఫోన్ చేసి చెబితే "చూశావా, రాయించావు కదా" అంది. నేనేమో రాయించింది కారణాలు, కొలతలు కాదు అన్నాను. ఇద్దరం ఇంకా ఒప్పుకోలేదు.

గ్రాములలెక్క:
చాలా సంతోషం అమ్మా. ఉప్పు ఎంత వేశాడో ఆ కాగితం మీదే రాయమనండి.