దూడలకు పారుడు: ఇంజెక్షన్లు వేసినా తగ్గట్లేదు

ప్రశ్న: ఎనిమిది రోజుల దూడ, 40 కిలోలు ఉంటుంది. పసుపు రంగులో నీళ్లలా పారుతోంది. జ్వరం లేదు, పాలు తాగుతోంది. రెండు రోజులుగా యాంటీబయాటిక్ వేస్తున్నా మార్పు లేదు. పాలు ఆపేయమంటారా?

జవాబు 1: పాలు ఆపొద్దండీ, నీరసించిపోతుంది. ఈ వయసుకు మొదటి అనుమానం రోటావైరస్ మీదే. ఈ‌.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పారుడు ఎక్కువగా మొదటి నాలుగైదు రోజుల్లోనే వస్తుంది. వైరస్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తే పాలు అరగవు, నీరు ఇంకదు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. దూడల ఓఆర్ఎస్ పూటకు 2 లీటర్లు, రోజుకు రెండుమూడు సార్లు, పాలకూ దానికీ రెండు గంటలు ఎడం ఇచ్చి పట్టండి. బైకార్బొనేట్ ఉన్న రకాన్ని పాలలో కలిపితే కడుపులో పాలు సరిగా విరగవు, అలా విరిగితేనే బాగా అరుగుతాయి.

జవాబు 2: మెడ దగ్గర చర్మం పట్టి వదలండి. రెండు సెకన్లు దాటాక కూడా ముడత పోకపోయినా, కళ్లు లోపలికి పోయినా ఒంట్లో సుమారు 3 లీటర్ల నీరు తగ్గినట్టే. నోట్లో వేలు పెడితే చీకడం లేదా? ఇక ఓఆర్ఎస్‌తో కాదు, వెంటనే డాక్టర్‌తో సెలైన్ ఎక్కించాలి. పేడలో జిగురు, రక్తపు చారలు కనిపిస్తే పశువులకు వచ్చే కరోనావైరస్ కూడా కావచ్చు. క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి కూడా ఇదే వయసులో వస్తుంది, పేడ పరీక్షకు పంపించండి.

జవాబు 3: మిగతా చూడి ఆవులకు ఈనకముందే రోటా-కరోనా టీకా వేయించండి, ఈనడానికి ఎంత ముందు వేయాలో సీసా మీద ఉంటుంది. కానీ దూడకు మొదటి రెండు గంటల్లో 4 లీటర్ల జున్నుపాలు పట్టకపోతే ఆ టీకా ఫలితం పూర్తిగా దక్కదు, దాని రక్షణ దూడకు చేరేది జున్నుపాలతోనే.